ఇల్లు నిలిపిన యిల్లాండ్రు: సవన్నా నగర వృత్తాంతము

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడుమను సామెత నెఱుగని గృహిణి మనలో నుండదు. కాని కట్టిన యింటిని నూఱేండ్లు నిలుపుట యెంత కష్టమో తెలుపు సామెత మనకు తఱచుగ వినబడదు. ఇల్లు కట్టుటకు ధనము చాలును. నిలుపుటకు ధనముతోబాటు ఓర్పు, మమకారము, ఇరుగుపొరుగుల పొత్తు వలయును. ఈ సంగతిని చక్కగ బోధించు నగరమొకటి అమెరికా సంయుక్త రాష్ట్రముల దక్షిణభాగమున గలదు. దాని పేరు సవన్నా. వేలకొలది తెలుగు కుటుంబములు కాపురముండు అట్లాంటా నగరము జార్జియా రాష్ట్రములోనిది గదా! ఆ రాష్ట్రముననే, అట్లాంటాకు సుమారు 250 మైళ్ల దూరమున ఆగ్నేయదిశగ, సముద్రమునకు చేరువలో, సవన్నా నది యొడ్డున నీ నగరమున్నది. 2020వ సంవత్సరపు లెక్కల ప్రకారము జనసంఖ్య 1,47,780. మహానగరము కాదు, పల్లెయు కాదు. అచ్చటి యిండ్ల చరిత్రలో స్త్రీల పాలు మిక్కిలి గొప్పది. దానిని మన సోదరీమణులు తెలిసికొనదగును.

చౌకముల నగరము

1733వ సంవత్సరము ఫిబ్రవరి 12వ తేదీన జేమ్స్ ఓగిల్‌థార్ప్ అను ఆంగ్లేయుడు నూటికి పైబడిన వలసవారితో నీ తీరమున దిగెను. అప్పటి కచ్చట యమక్రాలను తద్దేశీయులు నివసించుచుండిరి. వారి నాయకుడు టోమోచిచీ. ఈయనకును ఓగిల్‌థార్పునకును నడుమ దుబాసిగ నిలిచి మాట కలిపినది మేరీ మస్‌గ్రోవ్ అను స్త్రీ. ఆమె తల్లి క్రీక్ జాతిది, తండ్రి ఆంగ్లేయ వర్తకుడు. ఈ నగరపు తొలి పునాది యొక స్త్రీ వాక్కుపై పడెనని చెప్పిన నతిశయోక్తి కానేరదు.

ఓగిల్‌థార్ప్ నగరమును వార్డులుగ విభజించి, ప్రతి వార్డు నడుమను ఒక చౌకమును బయలుగ విడిచెను. చౌకమునకు ఉత్తర దక్షిణములందు ఇండ్ల స్థలములు నలువది. ఒక్కొక్కటి 60 అడుగుల వెడల్పు, 90 అడుగుల పొడవు గలది. తూర్పు పడమరలందు నాలుగు పెద్ద స్థలములను ప్రార్థనాలయములకును, పదిమందికి పనికివచ్చు కట్టడములకును కేటాయించిరి. నగరము పెరిగినకొలది ఇట్టి వార్డులనే పక్కపక్కన చేర్చుకొనుచు బోయి, 1851 నాటికి ఇరువదినాలుగు చౌకముల నేర్పఱచిరి. కాలక్రమమున వానిలో ఓకు వృక్షములు పెరిగి పందిరివలె నీడ పట్టినవి. ఇండ్లకు వీథివైపున ఎత్తైన మెట్లును, వానిపై చిన్న అరుగును ఉండును. వాకిట నిలిచిన గృహిణికి చౌకమంతయు కన్నులముందే. పిల్లలకు ఆటస్థలము, ముసలివారికి విశ్రాంతిస్థానము, ఇరుగుపొరుగులకు కలిసికొను చోటు అన్నియు నదియే. మన వీథి యరుగును, రచ్చబండను ఒక్కచో చేర్చిన నెట్లుండునో అట్లని తలపవచ్చును.

ఆడుబిడ్డకు లేని భూమి

ఇంత అందముగ నగరమును గీచినవారు భూమిని పంచుటలో మాత్రము స్త్రీని మఱచిరి. వలసవచ్చిన ప్రతి పేద కుటుంబమునకును ఇంటి స్థలము, తోట, పొలము కలిపి 50 ఎకరము లిచ్చిరి. దాని నమ్మరాదు, తాకట్టు పెట్టరాదు. తండ్రి పిమ్మట కొడుకునకే చెందవలెను. కొడుకు లేనిచో భూమి ధర్మకర్తలకు మరల చేరవలెను. దక్షిణమున ఫ్లారిడాలో స్పెయినువారు శత్రువులై యుండుటచే, ఒక్కొక్క భూఖండమునుండి ఒక్కొక్క సైనికుడు కావలెనని వారి యభిప్రాయము. కూతుండ్రు మాత్రమే గల తండ్రులు మొదటినుండియు మొఱపెట్టుకొనిరి. ధర్మకర్తలు 1739లో ఆ నియమమును సడలించి, 1750లో పూర్తిగ ఎత్తివేసిరి.

ఆ మార్పు ఎంత దూరము పోయెనో చూడుడు. ఒక శతాబ్దము గడచిన పిమ్మట, తండ్రివలన సంక్రమించిన భూమితో మేరీ మార్షల్ అను వితంతువు నగరములోని పేరుగల గృహయజమానులలో నొకతెయయ్యెను. 1851లో ఆమె కట్టించిన మార్షల్ హౌస్ అను హోటలు 1999లో మరమ్మతులు పొంది మరల తెఱవబడినది. ఆమె పేర 'మార్షల్ రో' అని నాలుగిండ్ల వరుసయు గలదు. ఐజయ్యా డావెన్‌పోర్ట్ అను కట్టడపు మేస్త్రీ 1820లో కొలంబియా చౌకపు చెంత తనకొక యిటుక మేడ కట్టుకొనెను. 1827లో ఆయన విషజ్వరమువలన మరణింపగ, భార్య సారా ఆ మేడలో భోజనవసతులతో అద్దెవారి నుంచుకొని సంసారము నీదుకొనివచ్చెను. ఇల్లు చేతనుండుటచే నామె బిడ్డలతో పరుల పంచ జేరవలసిన యవసరము రాలేదు.

అయినను మఱియొక సత్యమును దాచరాదు. జార్జియాలో తొలుత బానిసత్వము నిషేధము. 1751లో ఆ నిషేధము తొలగెను. పిదప నగరములోని మేడలు బానిసల చెమటతో లేచినవి. సవన్నా బూడిదరంగు ఇటుక యని పేరుపడిన ఇటుకను హెర్మిటేజ్ అను ఎస్టేటులో బానిసలే చేసిరి. ఫ్రాంక్లిన్ చౌకమునకు ఎదుట 1859లో పూర్తియైన మొదటి ఆఫ్రికన్ బాప్టిస్టు ఆలయమును బానిసలు పగటి పని ముగించుకొని రాత్రులందు కట్టిరనియు, స్త్రీలు ఇటుకలను ఒడిలో మోసితెచ్చిరనియు ఆ సంఘమువారు చెప్పుకొందురు.

యుద్ధము విడిచినదానిని మోటారుబండి కూల్చెను

1864 డిసెంబరులో అంతర్యుద్ధకాలమున షెర్మన్ సేనాని సైన్యము ఈ నగరమును పట్టుకొనియు తగులబెట్టలేదు. ఇండ్లు బ్రతికినవి. కాని యిరువదవ శతాబ్దమున ప్రత్తి పంట పురుగువాత బడి, వ్యాపారము క్షీణించెను. ధనికులు ఊరి వెలుపలి క్రొత్త పేటలకు తరలిపోయిరి. పాత మేడలు గదిగదిగ విభజింపబడి అద్దెకొంపలయ్యెను. 1935లో పెద్దరహదారి యొకటి మూడు చౌకములను చీల్చుకొని పోయెను. 1954లో ఎల్లిస్ చౌకమందలి పాత అంగడి భవనమును పడగొట్టి, స్థలమును 50 ఏండ్లకు కౌలుకిచ్చి, మోటారుబండ్లు నిలుపుటకు అంతస్తుల కట్టడము లేపిరి. కూరలమ్ముకొను స్త్రీలతోను, కొనవచ్చు గృహిణులతోను కళకళలాడిన చోటు అది.

ఏడుగురు స్త్రీలు

మఱుసటి యేడు డావెన్‌పోర్ట్ మేడకు కాలము మూడెను. దానిని కూల్చి బండ్లు నిలుపు బయలుగ చేయదలచిరి. అప్పటి కది పలు కాపురములు క్రిక్కిరిసిన శిథిలగృహము. పాత ఇటుకలకు మంచి వెల గలదు కావున, ఇంటికంటె ఇటుకలే ప్రియమని తలచు దినము లవి. అప్పుడు నగరములోని యేడుగురు స్త్రీలు పూనుకొనిరి. వారు శ్రీమతులు ఆనా కోల్‌క్విట్ హంటర్, లూసీ బారో మాకింటైర్, ఎలినార్ ఆడ్లర్ డిల్లార్డ్, కాథరిన్ జడ్కిన్స్ క్లార్క్, డొరోతీ రిప్లీ రోబ్లింగ్, నోలా మెకెవాయ్ రూస్, జేన్ అడేర్ రైట్. వీరు చందాలు ప్రోగుచేసి, 22,500 డాలర్లకు ఆ యింటిని కొని, 1955లో హిస్టారిక్ సవన్నా ఫౌండేషన్ అను సంఘమును స్థాపించిరి. 1963లో ఆ మేడ ప్రదర్శనశాలగ తెఱవబడెను.

ఒక్క యిల్లు నిలిచిన చాలునా? ప్రమాదములోనున్న ఇండ్లు వందలు. అన్నిటిని కొని దాచుకొనుట ఎవరి తరము? అందుచే సంఘమువారొక యుపాయము పన్నిరి. మనము ప్రతిదినము కొంచెము పెరుగు మిగిల్చి, దానినే మఱునాటి పాలకు తోడువేయుదుము గదా! అట్లే వారొక నిధి నేర్పఱచి, దానితో కూలిపోనున్న ఇంటిని కొందురు. వెంటనే దానిని మరమ్మతు చేయగలవారికి అమ్ముదురు. వచ్చిన సొమ్ము మరల నిధికే చేరి, మఱియొక యింటిని కాపాడును. క్రయపత్రములో మాత్రము షరతులు వ్రాయుదురు. ఇంటిని పడగొట్టరాదు, వీథివైపు రూపము మార్చరాదు, నిర్ణీతకాలములో బాగుచేయవలెను. ఇల్లు చేతులు మాఱినను షరతు విడువదు. మేరీ మార్షలు పేరుగల యిండ్ల వరుసయు కూల్చువారి చేతినుండి సంఘమువారి వలననే తప్పించుకొనెను. ఇట్లు నాలుగు వందలకు పైగ కట్టడములను కాపాడితిమని సంఘమువారి లెక్క. 1966లో ప్రభుత్వము ఆ ప్రాంతమును జాతీయ చారిత్రక స్థలముగ ప్రకటించెను. 1973లో నగరసభ పాత పేటలలో కట్టడములకు ప్రత్యేక నిబంధనలు చేసెను.

గోడలు నిలిచెను, కాపురములో?

ఇచ్చటితో కథ ముగిసిన నెంత బాగుండెడిది! కాని ఇల్లు బాగుపడిన దాని వెల పెరుగును. వెల పెరిగిన అద్దె పెరుగును. శిథిలగృహములలో తక్కువ యద్దెకు కాలము గడుపుచున్న పేదలు, వారిలో నెక్కువమంది నల్లజాతివారు, బాగుపడిన పేటలనుండి మెల్లగ తొలగిపోవలసివచ్చెను. ఆ మేడల ఇటుకలు చేసిన చేతుల వారసులకే ఆ మేడల నీడ కఱవయ్యెను. నగరము పడమటి దిక్కున వారి వ్యాపారస్థానమైన వెస్టు బ్రాడు వీథి మఱింత నష్టపోయెను. 1963లో అచ్చటి రైలుస్టేషను భవనమును పడగొట్టి, దూరప్రయాణపు రహదారికి దారి యిచ్చిరి. ఆ వీథి పాత కళ దానితోనే పోయెను.

ఈ లోపమును గుర్తించినవారు లేకపోలేదు. ఏడుగురు స్త్రీలలో నొకరగు ఎలినార్ కుమారుడు లీ ఆడ్లర్, 1974లో వేఱొక సంస్థ నారంభించి, విక్టోరియన్ పేటలోని కొయ్య యిండ్లను బాగుచేయించి, తక్కువ రాబడిగల కుటుంబములకే అద్దెకిచ్చు పద్ధతి నవలంబించెను. నల్లజాతివారి హక్కులకై పోరాడిన డబ్ల్యు. డబ్ల్యు. లా అను నాయకుడు, వృత్తిచే తపాలా బంట్రోతు, తనవారి చరిత్ర గల యిండ్లను నిలుపుటకు పాటుపడెను. 1896లో కట్టిన కింగ్-టిస్‌డెల్ కుటీరము 1981లో ప్రదర్శనశాలగ తెఱవబడుట ఆయన కృషి ఫలమే. ధనికుని మేడ చరిత్రయైనచో, పేదవాని కుటీరము చరిత్ర కాదా యని ఆయన చేతలే అడిగినవి.

ఎల్లిస్ చౌకమందలి కౌలు తీరగనే నగరమువారు ఆ కట్టడమును తొలగించి, బండ్లకు భూమి క్రింద చోటు చూపి, 2010లో చౌకమును మరల ప్రజల కర్పించిరి. రహదారి చీల్చిన మూడింటిలో ఫ్రాంక్లిన్ చౌకమును అంతకుముందే 1980 దశకమున పునరుద్ధరించిరి. ఇరువదినాలుగింటిలో ఇప్పుడు ఇరువదిరెండు గలవు.

నేటి చిక్కు వేఱు. నగర సౌందర్యమును చూడ యాత్రికులు తండోపతండములుగ వచ్చుచున్నారు. ఇంటిని ఏడాదికి అద్దెకిచ్చుటకంటె రాత్రికింతయని యాత్రికుల కిచ్చిన లాభమెక్కువ. యజమాని కాపురముండక, యాత్రికులే వచ్చిపోవు ఇండ్లు హెచ్చిన పేటలో, దీపములు వెలుగును గాని పొరుగు లేదు. పక్కింటిలో నిప్పు, ఉప్పు అడుగుట కెవరున్నారు? జ్వరము వచ్చిన గంజి కాచి తెచ్చునదెవరు? అందుచే 2017లో నగరసభ, పాత పేటలలో యజమాని నివసింపని అట్టి యిండ్లు ప్రతి వార్డులోను నూటికి ఇరువదికి మించరాదని కట్టడి చేసెను. ఓగిల్‌థార్ప్ గీచిన వార్డే నేటికిని ఇరుగుపొరుగునకు కొలతగ నిలుచుట విశేషము.

ఇటీవల మఱియొక మంచిపని జరిగెను. బానిసత్వమును సమర్థించిన కాల్‌హూన్ అను రాజకీయవేత్త పేరుగల చౌకమునకు, ఆ పేరు తొలగించి, సూసీ కింగ్ టేలర్ పేరు పెట్ట నగరసభ 2023లో నిర్ణయించెను. 1848లో బానిసగ పుట్టిన ఈమె, నల్లవారికి చదువు నిషిద్ధమైన దినములలో సవన్నాలోనే రహస్యముగ అక్షరములు నేర్చెను. పుస్తకములను కాగితములో చుట్టి దాచుకొని గురువునింటికి పోయెడిది. పదునాలుగేండ్ల ప్రాయముననే విముక్తులైన తనవారికి ఉపాధ్యాయినియయ్యెను. యుద్ధములో గాయపడినవారికి పరిచర్య చేసెను. 1902లో తన యనుభవములను గ్రంథముగ ప్రచురించెను. ఆ నగరపు చౌకములలో స్త్రీ పేరు పొందినది ఇదియే మొదటిది. ఆడుబిడ్డకు సెంటు భూమి దక్కని నగరమున, బానిస యింట పుట్టిన ఆడుబిడ్డ పేర చౌకము వెలసెను.

ఇల్లనగ గోడలు గావు, ఇల్లాలే యని మన పెద్దల మాట. సవన్నా వృత్తాంతము దానికి మఱికొంత చేర్చుచున్నది. ఇల్లాలితోబాటు పొరుగిల్లాలును నిలిచిననే వీథి నిలుచును. మన పట్టణములందును పెంకుటిండ్లు పోయి అంతస్తుల మేడలు లేచుచున్నవి. అవసరమునకు కట్టుకొనవలసినదే, కాదనరాదు. కాని పాత యింటిని అమ్మునపుడు, కూల్చునపుడు, ధరయెంత యని మగవా రడుగుదురు. ఆ పెరటిగదిలో అద్దెకున్నవారెక్కడికి పోవుదురు, ఆ నూతిలో నీరు తోడుకొనువా రెక్కడ తోడుకొందురు అని అడుగవలసిన వారము మనము. ఆ యేడుగురును మొదట చేసినది అడుగుటయే. తక్కినది దాని వెంట వచ్చెను.