ఎవరి అంగుళముతో వారి కొలత

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి యని తెలుగువారి సామెత. బుద్ధికిని రుచికిని ఇంత స్వేచ్ఛ నిచ్చిన లోకమే దేహము మాట వచ్చునప్పటికి అందరిని ఒకే మూసలో పోయజూచును. ఇంత పొడవు, ఇంత లావు, ఈ రంగు, ఈ ముక్కు ఉన్నచో అందము, లేనిచో లోపము. ఈ తీర్పు మొదట ఇంటిలో వినబడును, పిమ్మట బడిలో వినబడును. దానిని విన్న పిల్లలలో కొందరు జీవితాంతము దానిని మోయుచుందురు. కావున ఆరోగ్యము, దేహసంరక్షణము, సౌందర్యము అను మూడింటిని వ్యక్తిభేదమను దృష్టితో పరిశీలించుట ఉపాధ్యాయులకును విద్యార్థులకును మిక్కిలి అవసరము.

ఈ పరిశీలనకు నడిగడ్డ సీమ అనువైన చోటు. కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఈ సీమలోనిదే ఇటిక్యాల. నేడది జోగులాంబ గద్వాల జిల్లాలో మండల కేంద్రము. ఒకవంక గద్వాల మగ్గములు, మరొకవంక అలంపురపు శిల్పములు, నడుమ ప్రత్తిచేలు. ఈ సీమలోని బోరవెల్లిలోనే 1896లో సురవరము ప్రతాపరెడ్డిగారు జన్మించిరి. ఆయన రచించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1949లో వెలువడెను. 1953లో ఆయన కీర్తిశేషులైరి. 1955లో సాహిత్య అకాడమీ తెలుగునకిచ్చిన తొలి పురస్కారము ఆ గ్రంథమునకే లభించెను. రాజుల యుద్ధములకంటె జనుల బ్రతుకే ముఖ్యమని తలచి, మన పూర్వులేమి తినిరి, ఏమి కట్టిరి, ఏ నగలు తాల్చిరి, ఏ యాటలాడిరి అని కావ్యములలో వెదకి కూర్చిన చరిత్ర యది. దానిని చదివినవారికి ఒక సంగతి స్పష్టమగును. వేషభూషలు కాలముతోను, వృత్తితోను, కలిమిలేములతోను మారుచునే వచ్చినవి. ఒక తరమువారు ముచ్చటపడిన నగ మరుసటి తరమువారికి మోటుగ తోచును. ఇంత చంచలమైన దానిని శాశ్వతమైన త్రాసుగ పట్టుకొని పసివారిని తూచుట న్యాయమగునా?

అలంకారము కాలమునుబట్టి మారును. దేహము మనిషినిబట్టి మారును. ఈ రెండవ సత్యమును మన ప్రాచీన వైద్యులు చక్కగా గుర్తించిరి. రోగిని పది విధముల పరీక్షింపవలెనని చరకసంహితలోని విమానస్థానము చెప్పుచున్నది. ప్రకృతి, వికృతి, సారము, సంహననము, ప్రమాణము, సాత్మ్యము, సత్త్వము, ఆహారశక్తి, వ్యాయామశక్తి, వయస్సు అనునవి ఆ పది. వీనిలో ప్రమాణమనగా అవయవముల కొలత. ఆ కొలతకు సాధనము వైద్యుని వ్రేలు కాదు, అంగడిలోని గజముబద్ద కాదు. ఆ మనిషి వ్రేలే. ఎవరి అంగుళముతో వారి దేహమును కొలువవలెను. ఆ లెక్కను మనిషి ఎత్తు 84 అంగుళములు. పొట్టివాని వ్రేలు చిన్నది, పొడుగువాని వ్రేలు పెద్దది. కనుక ఎవరి కొలతలో వారు నిండుగ నిలువగలరు. ఇంతకంటె మర్యాదగల కొలబద్ద మరొకటి యుండునా?

అట్లని ప్రాచీనులను దోషరహితులనరాదు. ఆ గ్రంథమే సూత్రస్థానములో ఎనిమిది విధముల దేహములను నిందితములుగ లెక్కించినది. మిక్కిలి పొడవు, మిక్కిలి పొట్టి, మిక్కిలి రోమము, రోమమే లేకుండుట, మిక్కిలి నలుపు, మిక్కిలి తెలుపు, మిక్కిలి లావు, మిక్కిలి సన్నము అనునవి అవి. మనిషిని నిందితుడనుట నేటివారికి రుచింపదు. అయినను ఆ పట్టికలో నలుపు ప్రక్కనే తెలుపును ఉన్నదని గమనింపవలెను. తెలుపెంత హెచ్చిన అందమంత హెచ్చునను నేటి మోజునకు అందు తావు లేదు. అదిగాక, ఆ అధ్యాయము విస్తరించి చెప్పినది మిక్కిలి లావువారి, మిక్కిలి బక్కవారి బాధలను గూర్చియే. అనగా బ్రతుకునకు కష్టము కలిగించువానిని గూర్చియే.

దేహసంరక్షణలోను ఇదే నీతి. అష్టాంగహృదయమున వాగ్భటుడు నిత్యము నూనె అంటుకొమ్మనెను. తలకు, చెవులకు, పాదములకు ముఖ్యముగ అంటుమనెను. కాని కఫము హెచ్చినవారును, అజీర్ణము గలవారును దానిని మానవలెనని వెంటనే చెప్పెను. వ్యాయామమును తన శక్తిలో సగమువరకే చేయుమనెను. పొరుగువాని శక్తిలో సగము కాదు. తన శక్తిలో సగము. మన యిండ్లలోని పెద్దలు శాస్త్రము చదువకయే దీనిని పాటించిరి. పొడిచర్మము గల బిడ్డకు నువ్వులనూనె హెచ్చుగ అంటి, జిడ్డుచర్మము గల బిడ్డకు సున్నిపిండి గట్టిగ రుద్దిన తల్లులెందరో! వాతపిత్తకఫముల లెక్కను నేటి శరీరశాస్త్రము యథాతథముగ అంగీకరింపదు. అయినను “ఏ మందు?” అని అడుగుటకు ముందు “ఎవరికి?” అని అడుగవలెనను వివేకము నాటికిని నేటికిని ఒక్కటే.

ఈ వివేకము నడిగడ్డలోని కళలందును కానవచ్చును. గద్వాల చీరలో ఒడలు నూలు, అంచును కొంగును పట్టు. ఎండసీమలో ఒంటికి హాయి నూలువలన, కంటికి పండుగ పట్టువలన. నూలును పట్టుగ మార్చవలెనని నేతగాడు తలపడు. దేని గుణము దానికుంచి రెంటిని పోగుపోగున కలుపును. పైగా కుట్టుపని యెరుగని చీరకు చిన్నది, పెద్దది అను అంకెలు లేవు. సన్ననిదానికిని లావుదానికిని అదే చీర. కుచ్చెళ్లు హెచ్చుతగ్గులగును గాని కట్టుకొన్నదానికి అవమానము లేదు. 7, 8 శతాబ్దులలో బాదామి చాళుక్యులు కట్టించిన నవబ్రహ్మాలయములు అలంపురమున నేటికిని నిలిచియున్నవి. మన శిల్పశాస్త్రమున తాళమానమను పద్ధతి గలదు. మూర్తి ముఖపు నిడివియే తాళము. దానితోనే తక్కిన దేహమును కొలుతురు. అన్ని మూర్తులకు ఒకే తాళసంఖ్య లేదు. కొన్నిటికి తొమ్మిది, కొన్నిటికి ఎనిమిది, వినాయకునికి అయిదే. అయిదు తాళముల వినాయకుని చూచి అందగాడు కాడని ఎవరైన అనిరా?

అందరికి ఒక్క కొలత యను భ్రమ పాశ్చాత్యదేశములలోను ప్రబలినది. అచ్చటనే అది లెక్కలతో భంగపడినది కూడ. అమెరికాలో వేలకొలది యువతుల కొలతలను సగటు తీసి, ‘నార్మా’ యను పేర ఒక ప్రతిమను చేసిరి. ఆదర్శ స్త్రీరూపము అదియేనని ప్రచారము చేసి, 1945లో క్లీవ్‌లాండు నగరమున ఒక పోటీ పెట్టిరి. 3,864 మంది స్త్రీలు తమ కొలతలు పంపిరి. తొమ్మిది కొలతలలోను ఆ ప్రతిమతో సరిపోయిన స్త్రీ ఒక్కతెయు లేదు. ఆ వెనుక అమెరికా వైమానికదళమువారు 4,063 మంది విమానచోదకులను కొలిచిరి. పది కొలతలలోను సగటువాడెవడని గిల్బర్టు డేనియల్సు లెక్కించి చూడగా ఒక్కడును దొరకలేదు. 1952లో ఆ ఫలితము నివేదికగ వెలువడెను. సగటు మనిషి కాగితము మీద గలడు గాని భూమి మీద లేడని తేలినది. దానివలన వారు నేర్చినదేమి? మనిషిని ఆసనమునకు తగినట్లు మార్చుట కాదు. ఆసనమును మనిషికి తగినట్లు జరుపుట.

మన బడులలో ఈ పాఠము అన్నిటికంటె అవసరమైనది రంగు విషయమున. చర్మమునకు రంగునిచ్చునది మెలనిన్ అను పదార్థము. దానిని తయారుచేయు కణముల సంఖ్య నల్లవారిలోను తెల్లవారిలోను ఇంచుమించు సమానమే. తయారగు పదార్థపు రకమును పరిమాణమును మాత్రమే భేదించును. సూర్యుని అతినీలలోహిత కిరణములనుండి అది శరీరమును కాపాడును. భూమధ్యరేఖకు ఉత్తరమున 16 అంశల దరిదాపున నున్న నడిగడ్డలో, ఎండలో వంగి ప్రత్తిచేలలో పనిచేయు తల్లికి ఆ రంగు ప్రకృతి కప్పిన గొడుగు. ఆమె బిడ్డను బడిలో “నల్లపిల్ల” యని వెనుకకు నెట్టుట ఆ గొడుగును చింపుటయే. ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ యను లేపనము 1975లో మన దేశమున అంగడికెక్కి, 2020లో ‘గ్లో అండ్ లవ్లీ’ యని పేరు మార్చుకొన్నది. పేరు మారినది గాని మోజు తీరలేదు. తెలుపుచేయునని చెప్పి దొంగచాటుగ అమ్ముడగు కొన్ని లేపనములలో పాదరసముండును. అది మూత్రపిండములను చెరచును. వైద్యుని సలహా లేక నెలల తరబడి స్టెరాయిడు లేపనములు పూసికొన్నచో చర్మము పలుచబడి, ఎఱ్ఱబారి, మొటిమలు లేచును. లేని లోపమును దిద్దబోయి ఉన్న ఆరోగ్యమును పోగొట్టుకొనుట యనగా నిదియే.

అయితే ఇందొక హెచ్చరిక కలదు. చరకుడు ప్రకృతిని, వికృతిని వేరువేరుగ పరీక్షింపుమనెను. స్వభావము వేరు, జబ్బు వేరు. రంగు, ఎత్తు, ముక్కుతీరు స్వభావములు, వానిని గౌరవింపవలెను. రక్తహీనత జబ్బు, దానిని స్వభావమని వదలరాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15–19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత గలదు. తరగతిలో తూగుచున్న బాలికను సోమరి యనుట సులభము. “దాని తీరే అంత” యనుట మరింత సులభము. రెండును తప్పే. ఆమెకు కావలసినది వైద్యపరీక్ష, ఇనుము గల ఆహారము, వేళకు మాత్ర. భేదమును జబ్బనుట ఎంత క్రౌర్యమో, జబ్బును భేదమనుట అంత నిర్లక్ష్యము.

ఉపాధ్యాయుని చేతిలో నున్నవి చిన్న పనులే. వార్షికోత్సవమున అతిథికి పూలదండ వేయుటకు ఎఱ్ఱగ బుఱ్ఱగ నున్న పిల్లనే ఎంచుకొనకుండుట. దేహమునుబట్టి పెట్టిన ఎగతాళి పేరును తరగతిలో పలుకనీయకుండుట. వ్యాయామపు గంటలో అందరిచేత ఒకే దూరము పరుగెత్తింపక, ఎవరి శక్తిలో సగము వారిచేత చేయించుట. బడి గోడకు పిల్లల ఎత్తు గుర్తించునపుడు ప్రక్కవాని గీతతో పోల్చుట మన అలవాటు. పిల్లవాడు ఎదుగుచున్నాడా లేదా యని నిజముగ తెలుపునది ప్రక్కవాని గీత కాదు; నిరుడు వానికే గీచిన గీత.