రాత్రిపూట ఆగిపోయే సీసీ కెమెరాలు: రెంటచింతల ఎండల్లో పీఓఈ స్విచ్ కొనేముందు చూసుకోవాల్సినవి

సీసీ కెమెరాలు పెట్టించుకున్న ఇళ్లలో, షాపుల్లో తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది. పగలంతా బొమ్మ బాగానే వస్తుంది, రాత్రయ్యేసరికి ఒకటో రెండో కెమెరాలు ఆగిపోతాయి. దొంగ వచ్చేదీ ఆ టైముకే! చాలాసార్లు తప్పు కెమెరాది కాదు, దానికి కరెంటు ఇచ్చే స్విచ్‌ది.

పాత పద్ధతిలో ఒక్కో కెమెరాకు బొమ్మ కోసం ఒక వైరు, కరెంటు కోసం ఇంకో వైరు లాగేవారు. పీఓఈ, అంటే పవర్ ఓవర్ ఈథర్‌నెట్‌లో ఒకే నెట్ కేబుల్‌లో రెండూ వెళ్తాయి. గోడ మీద అడాప్టర్ పని ఉండదు. అయితే ఇది ఐపీ కెమెరాలకే పనికొస్తుంది. పాత డీవీఆర్ కెమెరాలను తెచ్చి దీనికి తగిలిస్తే నడవవు.

అసలు సంగతి వాట్లలో ఉంది. 2003లో వచ్చిన 802.3ఏఎఫ్ ప్రమాణం ప్రకారం ఒక్కో పోర్టు 15.4 వాట్ల దాకా ఇవ్వగలదు. 2009 నాటి 802.3ఏటీలో అది 30 వాట్లు. కానీ 8 పోర్టులున్న స్విచ్ అన్ని పోర్టులకూ ఒకేసారి అంత ఇస్తుందనుకుంటే పొరపాటే. మొత్తం ఎన్ని వాట్లు ఇస్తుందో డబ్బా మీద వేరేగా రాసి ఉంటుంది, చౌక రకాల్లో అది 60 వాట్ల దగ్గరే ఆగుతుంది. పగలు 5 వాట్లు తినే కెమెరా రాత్రి ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలిగితే 9 వాట్లు అడిగిందనుకుందాం. అలాంటివి ఎనిమిదైతే పగలు 40, రాత్రి 72. స్విచ్ చేతులెత్తేస్తుంది. కాబట్టి పోర్టులు కాదు, రాత్రి వాట్లు లెక్కేసుకుని, పైన పాతిక శాతం ఎక్కువున్నది కొనాలి.

రెండోది ఎండ. రాష్ట్రంలో ఎక్కువ ఎండ కాసిన ఊరంటే వేసవి వార్తల్లో రెంటచింతల పేరు రాకుండా ఉండదు. మామూలు స్విచ్‌లు చాలావరకు 40 డిగ్రీల వేడి వరకే తయారైనవి. మే నెలలో ఇక్కడ నీడలోనే అంతకు మించుతుంది, ఇక రేకుల కింద ఇనుప డబ్బాలో పెడితే చెప్పనక్కర్లేదు. స్విచ్‌ను ఇంట్లో గాలి ఆడే చోట ఉంచి, కేబుల్‌నే బయటకు లాగడం మేలు. స్విచ్ నుంచి కెమెరాకు 100 మీటర్ల దాకా పర్వాలేదు. తప్పనిసరిగా బయటే పెట్టాలంటే 75 డిగ్రీల దాకా తట్టుకునే ఇండస్ట్రియల్ రకం అడగాలి, ధర ఎక్కువే.

కేబుల్ దగ్గర కక్కుర్తి వద్దు. అల్యూమినియం తీగకు రాగి పూత వేసిన రకం చౌకగా దొరుకుతుంది. దూరం పెరిగేకొద్దీ అందులో వోల్టేజీ పడిపోతుంది, వేడెక్కుతుంది కూడా. అసలు రాగిదే అడిగి తీసుకోవాలి.

కరెంటు పోతే? ఇక్కడే పీఓఈ లాభం తెలుస్తుంది. స్విచ్‌కు, ఎన్‌వీఆర్‌కు ఇన్వర్టర్ లైను ఇస్తే కెమెరాలన్నీ నడుస్తాయి. దుబాయిలోనో సౌదీలోనో ఉండి ఫోన్‌లో ఇల్లు చూసుకునేవారి కోసం వైఫై రౌటర్‌ను కూడా అదే లైనులో కలపాలి.

మస్జిద్ కమిటీలకు ఒక మాట. 2013 నాటి ప్రజా భద్రత చట్టం ప్రకారం ఒకేసారి 100 మంది గానీ, రోజుకు 500 మంది గానీ వచ్చే చోట కెమెరాలుండాలి, 30 రోజుల రికార్డు దాచాలి. జుమా రోజు ఆ లెక్క చాలా చోట్ల దాటుతుంది. హార్డ్ డిస్క్ సైజు కూడా దాన్ని బట్టే చూసుకోవాలి. కెమెరా తిప్పేటప్పుడు వుజూఖానా వైపు, పక్కింటి ఆడవాళ్లు తిరిగే పెరటి వైపు పడకుండా ఒకసారి ఫోన్‌లో చూసుకున్నాకే మేకు బిగించమనాలి.