పటంలో పెరిగిన దీవి

కాకినాడకు ఎదురుగా తోకకప్ప ఆకారంలో సుమారు 16 కిలోమీటర్ల పొడవున సాగే ఇసుక దిబ్బ హోప్ ఐలాండ్. దీని వయసు దాదాపు 200 ఏళ్లే. గౌతమీ గోదావరి తెచ్చిన ఒండ్రుమట్టిని, ఇసుకను అలలు, తీర ప్రవాహాలు ఉత్తరానికి ఈడ్చి మేట వేయడంతో ఇది ఏర్పడింది.

ఈ తీరాన్ని శాస్త్రీయంగా కొలిచే పని 18వ శతాబ్దం చివర మొదలైంది. ఈస్టిండియా కంపెనీ ఖగోళవేత్త మైకేల్ టాపింగ్ ఇక్కడి రేవులను, నదీముఖాలను పరిశీలించాడు. 1794లో మద్రాసులో సర్వే పాఠశాల ఆయన పర్యవేక్షణలోనే ఆరంభమైంది. సముద్రం లోతు కొలవడానికి తాడుకు సీసపు గుండు కట్టి పడవలోంచి వదిలేవారు. గుండు అడుగున పూసిన కొవ్వుకు ఇసుక అంటితే ఇసుక నేల, బురద అంటితే బురద నేల అని రాసుకునేవారు.

1802లో విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర ఆధార రేఖను గొలుసుతో కొలిచి త్రిభుజీకరణకు పునాది వేశాడు. త్రిభుజంలో ఒక భుజం పొడవు, కోణాలు తెలిస్తే మిగతా భుజాలు లెక్కలో తేలుతాయి. కొండల ప్రాంతంలో ఒక శిఖరం నుంచి మరొకటి కనిపిస్తుంది. డెల్టాలో కొండలుండవు, తాడితోపులూ మడచెట్లూ చూపుకు అడ్డొస్తాయి. అలాంటి చోట ఎత్తయిన కట్టడాలే దిక్కు. పైగా ఆటుపోట్ల వల్ల ఒడ్డు పూటకోచోట ఉంటుంది. అందుకే పోటు నీరు చేరే గీతనే తీరరేఖగా గీస్తారు.

సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 స్కేలు పటాల్లో ఈ దీవి 65 ఎల్/5 షీటులో వస్తుంది. అందులో ఒక సెంటీమీటరు అంటే నేల మీద అర కిలోమీటరు. అదే అక్షాంశాల పట్టీలో పడమరగా తెలంగాణలో ఉన్న త్రిపురారం, మిర్యాలగూడ ప్రాంతం 56 పి షీటు కిందికి వస్తుంది. అక్కడ గుట్టల చుట్టూ తిరిగే సమోన్నత రేఖలు నేల ఎత్తుపల్లాలు చెబుతాయి. ఆ రేఖల మధ్య తేడా 20 మీటర్లు, దీవి ఎత్తు అంతకంటే బాగా తక్కువ. కాబట్టి దాని రూపం ఇసుకను తెలిపే చుక్కల్లోనే తెలుస్తుంది.

నేల మారితే పటమూ మారాలి. నాగార్జునసాగర్ ఎడమ కాలువ వచ్చాక త్రిపురారం వైపు పటాలు మారాయి. తీరాన ఆ మార్పు ఎన్నడూ ఆగదు. 1988లో ఐఆర్ఎస్-1ఎ ప్రయోగంతో మన ఉపగ్రహ చిత్రాలు అందుబాటులోకి వచ్చాయి. పాత షీట్లను వాటి పక్కన పెడితే ఇసుక ఎక్కడ చేరిందో, ఎక్కడ కోసుకుపోయిందో తేలుతుంది. ఎగువన ఆనకట్టలు ఒండ్రును ఆపుతున్నందున ఈ పోలిక మరింత అవసరమైంది. కాకినాడ రేవుకు అలల నుంచి రక్షణ ఈ దిబ్బే. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టేదీ దీని ఇసుకలోనే. కొత్త పటం వచ్చిందని పాతదాన్ని పారేయకూడదు, తీరం ఎటు నడుస్తోందో చెప్పే సాక్ష్యం అందులోనే ఉంది.