ఫోను చదివించుకొను పెద్దలకు

పూర్వము పల్లెలో ఉత్తరము వచ్చినచో, చదువు రానివారు దానిని చేతబట్టుకొని కరణముగారి యరుగు మీదికో, బడిపంతులుగారి యింటికో పోయి చదివించుకొనెడివారు. ఇంటిగుట్టు పొరుగువారి చెవిని బడుచున్నదని తెలిసియు వారికి వేఱు గతి లేకుండెను. నేడు చదువు వచ్చిన పెద్దలే సెల్‌ఫోనును మనుమని చేతికిచ్చి, “ఏమి వచ్చినదో చూడుమురా” యని యడుగుచున్నారు. ఈ పరాధీనత కొంతయైన తగ్గించుకొను విధమును మనవి చేసెదను.

చిన్న చిన్న యక్షరములను వెదకి వ్రేలితో నొక్కుట మన వయసువారికి కష్టమే. కాని నొక్కవలసిన పని లేదు. అక్షరముల పలకపై మైకు బొమ్మ యొకటి యుండును. పలకకు ఒక్కమారు తెలుగు భాష నమర్చి, ఆ బొమ్మను తాకి మాటలాడినచో, మన మాటలు తెలుగు లిపిలో తమంతట తామే పడును. ఊరి మాటలను, ఇంటిపేర్లను అది తఱచుగా పొరబడును. “పెసలు అమ్మితిని” అని నేను పలుకగా “పైసలు అమ్మితిని” అని వ్రాసి మా బావగారిని కడుపుబ్బ నవ్వించినది. కావున పంపుటకు ముందు ఒకమారు చదువుకొనవలెను, అంకెలున్నచో రెండుమారులు.

వ్రాతయే వలదన్నచో, వాట్సాపులో మైకు గుర్తును నొక్కిపట్టి మాటలాడి వ్రేలు తీసిన చాలును. మన కంఠస్వరమే పోవును. దూరదేశమున నున్న బిడ్డలకు ఇది మిక్కిలి యనుకూలము. మనకు ఉదయము 7 గంటలైనపుడు అమెరికాలోని డల్లాసులో వేసవియందు ముందునాటి రాత్రి 8.30, శీతకాలమున 7.30. వారు తీరిక చూచుకొని వినగలరు.

ఇక కాగితముల సంగతి. కేంద్రప్రభుత్వము 2015లో నెలకొల్పిన డిజిలాకరులోనికి ఆధారు, బండి నడపు లైసెన్సు మొదలగువానిని ఆయా శాఖలనుండియే తెచ్చుకొనవచ్చును. అట్లు శాఖ జారీచేసినవి మూలపత్రములతో సమానము. మనమే ఫోటో తీసి దాచుకొన్న కాగితమునకు ఆ విలువ లేదు.

అన్నిటికంటె ముఖ్యమైనది వేఱొకటి గలదు. వాట్సాపు ఖాతాకు తాళపుచెవి ఆఱంకెల సంఖ్య. ఎవడైన తన ఫోనులో మన నంబరు నమోదు చేసినచో, ఆ సంఖ్య మన ఫోనునకు వచ్చును. వాడు మర్యాదగా, “అయ్యా, పొరబాటున మీకు వచ్చినది, చెప్పుడు” అని యడుగును. చెప్పితిమా, ఖాతా వాని వశము! పిమ్మట మన పేరనే మన చెల్లెలికి, వియ్యంకునికి “ఆసుపత్రిలో నున్నాను, సొమ్ము పంపుడు” అని వ్రాయును. మనయందలి నమ్మకము చేతనే వారు మోసపోవుదురు. దీనికి అడ్డుకట్ట, సెట్టింగులలో ఖాతా భాగమున నున్న రెండంచెల ధ్రువీకరణ. అందు మనము స్వయముగా నొక సంఖ్య నేర్పఱచుకొన్నచో, వచ్చిన సంఖ్య యొక్కటి తెలిసినంతమాత్రమున వానికి ఖాతా దక్కదు. ఆ సంఖ్యను మనుమనికిని చెప్పనక్కఱలేదు.

డబ్బు పుచ్చుకొనుటకు పిన్ను కొట్టవలసిన యవసరము ఎన్నడును లేదు, ఇచ్చుటకే కావలెను. ఒకవేళ మోసపోయి సొమ్ము పోయినచో, సిగ్గుపడి దాచక, వెంటనే 1930కి ఫోను చేయవలెను. దొంగసొమ్ము ఒక ఖాతానుండి వేఱొకదానికి త్వరగా మాఱును గాన, ముందు చెప్పినకొలది బ్యాంకువారు నిలుపగల యవకాశ మెక్కువ. బ్యాంకు పేరు, సొమ్ము పోయిన వేళ, లావాదేవీ సంఖ్య దగ్గఱ నుంచుకొని మాటలాడవలెను.