పిల్లల గదిలో బుల్లి ఫ్రిజ్: విశాఖ ఉక్కపోతలో ఎంత చల్లబరుస్తుంది?

పుట్టినరోజు కానుకల్లో ఈ మధ్య బుల్లి ఫ్రిజ్ కూడా చేరింది. లోపల 4 లీటర్ల చోటు, కూల్‌డ్రింక్ టిన్నులు ఆరు పడతాయి. పాతకాలపు రేడియో ఆకారంలోనో, పాండా మొహంతోనో ముద్దుగా చేస్తారు. గోడ ప్లగ్గుకూ పెట్టుకోవచ్చు, కారులోని 12 వోల్టుల సాకెట్టుకూ పెట్టుకోవచ్చు. మంచం పక్కనే తనదంటూ ఒక ఫ్రిజ్ ఉంటే ఏ పిల్లకు ముచ్చట కాదు? అందుకే పిల్లలు అడుగుతారు, పెద్దలు కొంటారు. కొనేముందు రంగూ బొమ్మా కాసేపు పక్కనపెట్టి, అట్టపెట్టె మీద చిన్న అక్షరాల్లో ఉండే ఒక మాట చదవాలి. గది ఉష్ణోగ్రత కన్నా 15 నుంచి 20 డిగ్రీలు తక్కువకు చల్లబరుస్తుందని అక్కడ రాసి ఉంటుంది.

వంటింటి ఫ్రిజ్‌కు ఈ షరతు ఉండదు. బయట 25 డిగ్రీలున్నా 38 ఉన్నా లోపల 4, 5 డిగ్రీల దగ్గర నిలబెట్టడం దాని పని. ఈ బుల్లి పెట్టె మాత్రం గదిని పట్టుకుని వేలాడుతుంది. గది వేడెక్కితే దాని లోపలా వేడెక్కుతుంది. మే నెలలో గాజువాకలోనో మర్రిపాలెంలోనో ఏసీ లేని గదిలో రాత్రిపూట కూడా 32 డిగ్రీలు ఉండటం మామూలే. అందులోంచి 18 తీసేస్తే 14. ఆ చల్లదనంలో నీళ్ళు తాగడానికి హాయిగానే ఉంటాయి గానీ, పాలు నిలవ ఉండవు.

ఈ తేడా ఎందుకో తెలియాలంటే వెనక మూత విప్పి చూడాలి. కంప్రెసర్ ఉండదు, గ్యాస్ ఉండదు, రాగి గొట్టాలూ ఉండవు. బయటివైపు ఒక ఫ్యాను, దాని వెనక అల్యూమినియం రెక్కల దిమ్మె, ఆ దిమ్మెకూ లోపలి పలకకూ నడుమ ఒక తెల్లటి బిళ్ళ ఉంటాయి. బిళ్ళ నాలుగు సెంటీమీటర్ల చదరం, మందం నాలుగు మిల్లీమీటర్లకు లోపే. ఎరుపు, నలుపు తీగలు రెండు బయటికి వచ్చి ఉంటాయి. దీన్నే పెల్టియర్ మాడ్యూల్ అంటారు. ఎలక్ట్రానిక్స్ షాపుల్లో కొన్ని వందల రూపాయలకు విడిగానూ దొరుకుతుంది. పింగాణీలాంటి రెండు పలకల మధ్య బిస్మత్ టెల్యురైడ్ అనే అర్ధవాహకపు ముక్కలు వరసల్లో నిలబెట్టి ఉంటాయి. బాగా వాడుకలో ఉన్న రకంలో ఇవి 127 జతలు. జతలో ఒకటి ఎన్ రకం, ఒకటి పీ రకం. కరెంటు పారితే ఎన్ రకంలో ఎలక్ట్రాన్లు, పీ రకంలో రంధ్రాలు ఒకే దిక్కుకు వేడిని మోసుకుపోతాయి. కొన్ని సెకన్లలో ఒక మొహం చల్లబడి రెండోది కాలిపోతుంది. తీగలు అటూఇటూ మార్చి కలిపితే మొహాలు కూడా తారుమారవుతాయి. చాలా బుల్లి ఫ్రిజ్‌ల వెనక 'కూల్', 'వార్మ్' అని ఉండే స్విచ్ చేసే పని ఇంతే. కదిలే భాగం ఒక్క ఫ్యానే.

ఈ మాడ్యూల్‌కు పేరిచ్చిన పెల్టియర్ ఫ్రాన్సులో గడియారాలు చేసేవాడు. 30 ఏళ్ళకే ఆ వృత్తి మానేసి సైన్సులో పడ్డాడు. రెండు వేర్వేరు లోహాల అతుకు గుండా కరెంటు పంపితే అతుకు దగ్గర వేడి మారుతోందని 1834లో గమనించాడు. అందులోని అసలు సంగతిని తేటతెల్లం చేసింది మన ఇంటర్ సైన్సు పిల్లలకు లెంజ్ నియమం ద్వారా పరిచయమున్న లెంజ్. ఆయన 1838లో బిస్మత్, ఆంటిమొని కలిసే చోట ఒక నీటిచుక్క పెట్టి, కరెంటు ఒక దిక్కున పంపి గడ్డ కట్టించాడు. దిక్కు మార్చి కరిగించాడు. అయినా లోహాలతో అంతకుమించి సాధ్యం కాలేదు. 1950లలో బిస్మత్ టెల్యురైడ్ వచ్చాకే ఆ చుక్క పెట్టె స్థాయికి ఎదిగింది.

ఇదే కుటుంబానికి చెందిన మరో సంగతి మన ఊళ్ళోనే రోజూ పనిచేస్తోంది. విశాఖ ఉక్కు కర్మాగారంలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని మూడు బ్లాస్ట్ ఫర్నేసులున్నాయి. వాటినుంచి వచ్చే ఇనుము ఉక్కుగా మారేచోట వేడి సుమారు 1,600 డిగ్రీలు. మామూలు థర్మామీటర్ అక్కడ దరిదాపులకు కూడా పోలేదు. ఉక్కు కర్మాగారాల్లో పొడుగాటి గొట్టం కొసన ప్లాటినం, ప్లాటినం-రోడియం తీగలు కలిపిన థర్మోకపుల్‌ను అట్ట తొడుగులో పెట్టి కరిగిన ఉక్కులో ముంచుతారు. కొస కాలిపోయేలోగా అది కొన్ని మిల్లీవోల్టుల సంకేతం పంపేస్తుంది. ఒక రకం తీగల జతకు 1,600 డిగ్రీల దగ్గర వచ్చేది దాదాపు 17 మిల్లీవోల్టులు. అక్కడ వేడిలో తేడా వోల్టేజి పుట్టిస్తుంది. 1821లో సీబెక్ కనిపెట్టింది దీన్నే. బుల్లి ఫ్రిజ్‌లో కథ వెనక్కి నడుస్తుంది: కరెంటు ఇస్తే వేడిలో తేడా పుడుతుంది. ఉక్కునగరంలో పెరిగే పిల్లకు ఈ రెండూ ఒకటేనని చెప్పగలిగితే ఆ కానుక ధరలో సగం వసూలైనట్టేనని నా నమ్మకం.

ఇంత అందమైన బిళ్ళ చల్లబరచడంలో మాత్రం ఎందుకు వెనకబడింది? ఒక పక్క నీళ్ళు ఊరుతున్న పడవలో కూర్చుని రెండో పక్క తోడిపోస్తున్నట్టు ఉంటుంది దాని పని. ఎలక్ట్రాన్లు వేడిని బయటికి తోడుతుంటాయి. అదే ముక్కల గుండా వేడి మొహం నుంచి చల్లటి మొహానికి వేడి తిరిగి పాకుతుంటుంది. పైగా కరెంటు పారినందుకు ముక్కలే వేడెక్కుతాయి, ఆ వేడిలో దాదాపు సగం లోపలివైపుకే చేరుతుంది. కరెంటు పెంచితే తోడేదీ పెరుగుతుంది, ఊరేదీ పెరుగుతుంది. విద్యుత్తు బాగా ప్రవహించాలి, వేడి మాత్రం ప్రవహించకూడదు అనే రెండు గుణాలూ ఒకే పదార్థంలో దొరకడం కష్టం. పదార్థ శాస్త్రజ్ఞులు దశాబ్దాలుగా కుస్తీ పడుతున్నది ఇక్కడే.

ఇప్పుడు టిన్నుల లెక్క చూద్దాం. 330 మిల్లీలీటర్ల టిన్నులు ఆరు, 32 డిగ్రీల నుంచి 12 డిగ్రీలకు దిగాలంటే సుమారు 166 కిలోజౌళ్ళ వేడి బయటికి పోవాలి. పెట్టె 50 వాట్లు తీసుకుని నికరంగా 15 వాట్ల వేడి తోడుతుందనుకుంటే మూడు గంటలకు పైనే పడుతుంది. లోపల చల్లబడేకొద్దీ తోడే శక్తి తగ్గుతుంది కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే. స్కూలు నుంచి రాగానే పెట్టిన టిన్ను ఆటకెళ్ళి వచ్చేసరికి చల్లబడదు. అదే ఒక కిలో ఐసు కరగడానికి 334 కిలోజౌళ్ళు పీల్చుకుంటుంది. అంటే ఆ ఆరు టిన్నులకూ అరకిలో ఐసు చాలు, అదీ అరగంటలో. విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి రోజుల తరబడి వేటకు పోయే మరబోట్లు చేపను కాపాడుకునేది ఈ లెక్క మీదే. బయల్దేరే ముందు దంచిన ఐసు బోటు అడుగున నింపుకుంటారు. మందపాటి థర్మోకోల్ పెట్టె, వంటింటి ఫ్రీజర్లో కట్టిన ఐసు ట్రేలు రెండు ఉంటే పిల్లల గదిలో మధ్యాహ్నమంతా గడిచిపోతుంది.

కరెంటు ఖర్చు కూడా చూడాలి. చవక రకాల్లో థర్మోస్టాట్ ఉండదు, ప్లగ్గు పెట్టినంతసేపూ నడుస్తూనే ఉంటాయి. 50 వాట్లు రోజంతా అంటే 1.2 యూనిట్లు, ఏడాదికి 438. వంటింట్లో 190 లీటర్ల సింగిల్ డోర్ ఫ్రిజ్ మీద స్టార్ లేబుల్‌లో రాసి ఉండేది ఏడాదికి 200 యూనిట్లు అటూఇటూ. ఆరు టిన్నుల కోసం దానికి రెట్టింపు! టిన్నులు చల్లబడుతున్నంతసేపూ తోడిన వేడీ, వాడిన కరెంటూ కలిసి 65 వాట్ల వేడిగా గదిలోకే వస్తాయి. ఏసీ ఉన్న గదైతే ఆ భారం మళ్ళీ ఏసీ మీదే.

విశాఖ గాలి ఇంకో చిక్కు తెస్తుంది. 32 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న గాలిలో 27 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న దేనిమీదైనా నీరు పడుతుంది. మన ఊళ్ళో కుండ నీళ్ళు అనంతపురంలోలా చల్లబడకపోవడానికీ ఈ తేమే కారణం. 40 డిగ్రీల పొడి ఎండలో 20 శాతం తేమే ఉంటే తడి కుండ 23 డిగ్రీల దాకా దిగగలదు, ఇక్కడ 28 దగ్గరే ఆగిపోతుంది. బుల్లి ఫ్రిజ్ ఆ హద్దును దాటుతుంది, ఆ మేరకు దాన్ని మెచ్చుకోవాలి. కానీ తలుపు తీసినప్పుడల్లా లోపలికి వచ్చిన తేమ చల్లటి పలక మీద నీరై అడుగున మడుగు కడుతుంది. తుడవకపోతే బూజు పడుతుంది. బిళ్ళ అంచుల్లోకి చెమ్మ దూరితే అతుకులు తుప్పుపట్టి చల్లదనం మెల్లగా చచ్చిపోతుంది. దీనికితోడు బీచ్ వైపు ఇళ్ళలో ఉప్పుగాలి, పోర్టు పక్క పాతనగరం ఇళ్ళలో కిటికీ గట్టు తుడిస్తే గుడ్డకు అంటే నల్లటి ధూళి. వెనక రెక్కల మధ్య అది పేరుకుంటే వేడి బయటికి పోదు. వేడి మొహం చల్లబడకపోతే చల్లటి మొహమూ వేడెక్కుతుంది.

కరెంటు పోతే మరీ ఇబ్బంది. తోడటం ఆగిన క్షణం నుంచి ఆ బిళ్ళే వేడికి దారి ఇస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక రోజుల తరబడి చీకట్లో ఉన్న ఊరు మనది. తలుపు తీయకుండా ఉంచితే వంటింటి ఫ్రిజ్ నాలుగు గంటలపాటు చల్లదనం పట్టి ఉంచుతుంది. బుల్లిదానిమీద అంత ఆశ పెట్టుకోకూడదు. అందుకే పాలు, పెరుగు, కోసిన పండ్లు, మాంసం అందులో పెట్టనే కూడదు. పాడయ్యే తిండిని 5 డిగ్రీలకు లోపల ఉంచమన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఇంట్లో మధుమేహం ఉన్న పిల్లలుంటే తెరవని ఇన్సులిన్ సీసాలను మాత్రం పొరపాటున కూడా ఇందులో పెట్టొద్దు. వాటికి 2 నుంచి 8 డిగ్రీలు కావాలి. ఇక 300 మిల్లీలీటర్ల కోలాలో 30 గ్రాముల పైనే చక్కెర ఉంటుంది. చెయ్యి చాస్తే అందే దూరంలో ఆరు టిన్నులు పెట్టే బదులు మజ్జిగా, కొబ్బరినీళ్ళూ వంటింటి ఫ్రిజ్‌లో ఉంచి ఇస్తేనే మంచిదనిపిస్తుంది నాకు.

ఇందులో బిళ్ళ తప్పు లేదు, దానికి తగని పని అప్పగించాం. చిన్న చోటును కచ్చితమైన ఉష్ణోగ్రతకు చకచకా మార్చాల్సి వస్తే దానికి సాటిలేదు. 2020లో కోవిడ్ కోసం దేశమంతటా చేసిన ఆర్టీపీసీఆర్ పరీక్షల యంత్రాల్లో నమూనాలను 95 డిగ్రీలకు ఎక్కించి, మళ్ళీ దించి, మళ్ళీ ఎక్కించింది ఈ రకం బిళ్ళలే. ఇంటర్నెట్ మోసే ఆప్టికల్ ఫైబర్ల చివర లేజర్లను స్థిరంగా ఉంచేవీ ఇవే.

అయినా కొనాలనుకుంటే, ఏసీ ఉండే గదికి, ముందే చల్లబడిన టిన్నులను చల్లగా ఉంచడానికి కొనండి. 25 డిగ్రీల గదిలో అది 8, 10 డిగ్రీలు చూపించగలదు. గోడకు జానెడు ఎడం ఉంచండి. వచ్చిన మొదటి రోజే లోపల ఒక గ్లాసు నీళ్ళు పెట్టి, అరగంటకోసారి వేడి కొలిచి గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టమని పిల్లలకు చెప్పండి. జ్వరం చూసే థర్మామీటర్ ఇంత కిందికి చూపించదు, చేపల తొట్టెలకు వాడే డిజిటల్ రకం సరిపోతుంది. గీత మొదట నిటారుగా దిగి, తర్వాత వాలి, ఒకచోట చదునవుతుంది. అక్కడ నీళ్ళకూ గదికీ తేడా 15 డిగ్రీల కన్నా తక్కువుంటే వెనక ఫ్యాను తిరుగుతోందో లేదో చూడండి. తిరుగుతున్నా అంకె మారకపోతే, వాపసు గడువు దాటకముందే పెట్టె కట్టి తిప్పి పంపెయ్యండి.