కాఫీగింజకు రోలా? తిరుగలియా?

ఒకప్పుడు మన పట్టణములలోని అనేక గృహములందు వంటయింటి బల్ల యంచునకు బిగించిన యినుప మర యొకటి యుండెడిది. దానికి పైన గరాటు, ప్రక్కన పిడి, క్రింద పొడి పడుట కొక గిన్నె. వేయించిన గింజలను గరాటులో పోసి పిడి త్రిప్పుట సాధారణముగా ఆ యింటి పిల్లల వంతు. గింజలు కరకరమని నలుగుచుండగా ఆ పరిమళము వీధి గుమ్మము దాక ప్రాకెడిది. తరువాత పొట్లముల పొడి వచ్చినది, మిక్సీ వచ్చినది, మర అటకెక్కినది. నేడు మరల వేయించిన గింజలను కొని, యింటిలోనే పొడి చేసికొనవలెనను కోరిక పలువురిలో కలుగుచున్నది. కోరిక మంచిదే. కాని దుకాణమునకు పోయినవారికి వేయి రూపాయల యంత్రము మొదలు పదులవేలు దాటిన యంత్రము వరకు కనబడును. మితమైన జీతముపై సంసారము నడపువాడు వీనిలో దేనిని కొనవలెను? అసలు కొనవలెనా? చిన్న ప్రశ్నవలె కనబడినను, దీనిలో రెండు విషయములు చిక్కుకొని యున్నవి: ఒకటి గృహస్థుని ధనము, రెండవది రైతు శ్రమ.

రైతు శ్రమ యనుట అతిశయోక్తి కాదు. పదునేడవ శతాబ్దమున బాబా బుడన్ అను సూఫీ సాధువు యెమెన్ దేశమునుండి ఏడు గింజలు తెచ్చి, చిక్కమగళూరు సమీపమున చంద్రగిరి కొండలపై నాటెనని జనశ్రుతి. మన తూర్పు కనుమలలోని అరకు లోయలో గిరిజన కృషీవలులు సిల్వర్ ఓకు చెట్ల నీడను, మిరియపు తీగల సరసను అరబికా కాఫీని పండించుచున్నారు. 2019లో అరకు లోయ అరబికాకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. పండు ఎఱ్ఱబడిన తరువాత చేతితో ఏరవలెను, తోలు తీయవలెను, ఎండబెట్టవలెను, చెడు గింజలను వేరుచేయవలెను. ఆపై వేయించువాడు నిమిషములు లెక్కించుచు కాచుకొని యుండవలెను. ఇన్ని చేతులు దాటి వచ్చిన గింజకు కడపటి సంస్కారము జరుగునది మన వంటయింటిలో. అక్కడ చెడినచో వెనుకటి శ్రమ యంతయు వ్యర్థము.

గింజను అప్పటికప్పుడే యేల పొడి చేయవలెను? దీనికి బడిలోని గణితమే సమాధానము చెప్పును. ఒక సెంటీమీటరు భుజము గల ఘనమునకు ఉపరితల వైశాల్యము 6 చదరపు సెంటీమీటర్లు. దానినే ఒక మిల్లీమీటరు భుజము గల చిన్న ఘనములుగా కోసినచో 1000 ముక్కలగును. వాని మొత్తము ఉపరితలము 60 చదరపు సెంటీమీటర్లు. పదార్థము పెరుగలేదు, గాలి తగులు చోటు పదిరెట్లయినది. ఫిల్టరు కాఫీ పొడిలోని రేణువు మిల్లీమీటరు కంటెను చిన్నది గనుక ఈ వృద్ధి యింకను అధికము. వేయించిన గింజలోని సువాసన ద్రవ్యములు త్వరగా ఆవిరియగునవి. ప్రాణవాయువు సోకినచో మారిపోవునవి. అందుచే గింజగా నున్నప్పుడు కొన్ని వారములు నిలుచు గుణము, పొడియైన పిదప కొలది దినములలోనే క్షీణించును. అయితే ఆ ఉపరితలమే నీటికిని దారి యిచ్చుచున్నది. పొడి చేయనిదే సారము దిగదు. చేసి యుంచినచో పరిమళము నిలువదు. కావున త్రాగుటకు ముందు, కావలసినంత మాత్రమే పొడి చేయుట ఉత్తమము.

పొడి సన్నమా, ముతకయా యనుట కంటె ముఖ్యమైనది అది సమముగ నుండుట. బియ్యములో నూకలు కలిసినచో అన్నమెట్లుండునో గృహిణు లందఱు నెరుగుదురు. బియ్యము ఉడుకునంతలో నూకలు ముద్దయగును. నూకలను చూచి దించినచో బియ్యము పలుకుగా నుండును. కాఫీ పొడియు నట్టిదే. సన్నని ధూళినుండి నీరు సారముతోపాటు చేదును, వగరును కూడ లాగుకొనును. ముతక పలుకులనుండి సారము పూర్తిగ దిగక, పులుపును పలుచదనమును మిగులును. రెండును ఒకే గిన్నెలో చేరినప్పుడు త్రాగువాడు గింజను నిందించును. దోషము గింజది కాదు. పైగా మన ఫిల్టరులో ధూళి యెక్కువైనచో రంధ్రములు పూడుకొనిపోయి డికాక్షన్ దిగదు. ఇంటివారు ఉదయమున ఫిల్టరును చెంచాతో తట్టుచు నిలుచుండుట తరచుగా దీని ఫలితమే.

ఈ సమత్వము ఎట్లు సిద్ధించును? మన పూర్వుల పనిముట్లను జ్ఞప్తికి తెచ్చుకొన్నచో చాలును. రోటిలో దంచునప్పుడు రోకలి క్రిందికి వచ్చిన గింజ నలుగును. ప్రక్కకు జరిగినది మిగులును. అందుకే దంచినదానిని జల్లించి, ముతకను మరల దంచెదరు. తిరుగలిలో నట్లు కాదు. పైరాతికిని క్రిందిరాతికిని నడుమ నున్న సందే కొలత. ఆ సందునకు సరిపడు వఱకు గింజ నలిగి, సరిపడినంతనే అంచునుండి వెలికి వచ్చును.

నేటి యంత్రములును ఈ రెండు తెగలవే. మన దేశమున 1960ల దశాబ్దమున ప్రచారములోనికి వచ్చిన మిక్సీయు, దానికి తమ్ముని వంటి చిన్న బ్లేడు గ్రైండరును రోటి తెగకు చెందినవి. బ్లేడు వేగముగ తిరుగుచు ఎదురైన గింజను కొట్టును. అక్కడ కాలమునకు లెక్క యున్నది గాని సన్నదనమునకు కొలత లేదు. ఎక్కువసేపు త్రిప్పినచో పొడి వేడెక్కును గూడ. బర్ గ్రైండరు అనునది తిరుగలి తెగ. పండ్లు గల రెండు చక్రములలో నొకటి కదలక యుండును, రెండవది తిరుగును. నడుమనున్న సందును పెంచుటకు, తగ్గించుటకు వీలుండును. ఫ్రాన్సు దేశమున ప్యూజో కుటుంబమువారు 1840లోనే ఇట్టి కాఫీ మరలను తయారు చేసిరి. ఆ పేరుతో మోటారు కార్లు వచ్చుట పిమ్మటి మాట.

ఇక ఎంపిక. ముందుగ యంత్రము అవసరములేని వారెవరో చెప్పుట న్యాయము. గింజలను కన్నులయెదుట మరపట్టి యిచ్చు దుకాణము సమీపముననున్నవారు, వారమునకు సరిపడు నూఱు, నూటయేబది గ్రాములు తెచ్చుకొని గాలి చొరని డబ్బాలో దాచుకొన్నచో చాలును. దుకాణపు పెద్ద మర తిరుగలి తెగదే. చవుక యంత్రము కంటె అది మేలు. పాలు, పంచదార, చికోరీ దండిగ కలిపి త్రాగువారికిని సూక్ష్మభేదములు తెలియుట అరుదు. చికోరీ యనునది ఒక మొక్క వేరు. కాఫీగింజతో దానికి బంధుత్వము లేదు. మన ఆహార ప్రమాణములు మిశ్రమమున కాఫీ 51 శాతమునకు తగ్గరాదనియు, పాళ్ళను పొట్లముపై ముద్రింపవలెననియు విధించుచున్నవి. కావున మర కొనుటకు ముందు పొట్లము చదువుట నేర్వవలెను.

ఇంటిలో మిక్సీ మాత్రమే యున్నవారు వెంటనే క్రొత్తది కొననక్కఱలేదు. కొలదిగ గింజలు వేసి, రెండుమూడు సెకనుల కొకసారి ఆపి, గిన్నెను కుదిపి మరల త్రిప్పవలెను. ఆపై సన్నజల్లెడలో జల్లించి ముతకను మరల వేయవలెను. రోటికి జల్లెడ తోడైనట్లే మిక్సీకిని తోడగును.

కొనదలచినవారికి, ధనము మితమైనప్పుడు, చేతిమరయే తగినది. విద్యుద్యంత్రపు వెలలో కొంత మోటారునకు పోవును. చేతిమర వెలలో అధికభాగము చక్రములకే దక్కును. అందుచే ఒకే వెలకు చేతిమర సాధారణముగ మెరుగైన పొడి నిచ్చును. స్థూలముగ వేయి, రెండువేల రూపాయలకు దొరకు చేతిమరలలో తరచుగా పింగాణి చక్రములుండును. అవి తుప్పు పట్టవు; కాని యిట్టి మరలలో పెక్కింటికి ఇరుసు ఆధారము చాలక ఊగును. ఇరుసు ఊగినచో సందు ఒక ప్రక్క ఎక్కువ, వేఱొక ప్రక్క తక్కువ యగును. తిరుగలి గుణమే పోవును. అంతకు రెండుమూడు రెట్లు వెచ్చించినచో ఉక్కు చక్రములు, ఇరుసు రెండు కొనలకు బేరింగులు గలవి లభించును. పెట్టగలిగినవారు దీనినే యెన్నుకొనవలెను. పెట్టలేనివారికి దుకాణపు మరయే మేలు. మొదట చవుకది, ఏడాదికి మధ్యరకము, ఆపై మఱియొకటి కొనుట మితవ్యయ మనిపించుకొనదు.

దుకాణమున పరీక్షింపవలసినవి నాలుగు. ఇరుసును వ్రేళ్ళతో కదిపి చూడవలెను, ప్రక్కకు ఊగరాదు. సందు మార్చుటకు స్పష్టమైన మెట్లుండవలెను. నిన్నటి మెట్టు నేడు గుర్తుండవలెను గదా! భాగములు విప్పి తుడుచుటకు వీలుండవలెను. ఒకమారు ఎన్ని గ్రాములు పట్టునో తెలిసికొనవలెను. ఇరువది గ్రాముల మర ఇద్దరికి చాలును. ఆరుగురు గల యింటిలో మూడుమార్లు త్రిప్పవలసివచ్చును. కీళ్ళనొప్పులు గల వృద్ధులున్నచోట, పెద్ద సంసారములందు, విద్యుత్ బర్ గ్రైండరుకు అదనముగ వెచ్చించుట దుబారా కాదు.

మన ఫిల్టరుకు పొడి బొంబాయి రవ్వ కంటె మెత్తగ నుండవలెను. కాగితపు వడపోతకు బొంబాయి రవ్వవలె. ఫ్రెంచి ప్రెస్సుకు ఇడ్లీ రవ్వవలె. ఎస్ప్రెస్సోకు కావలసిన సూక్ష్మతను చవుక మరలనుండి ఆశింపరాదు. డికాక్షన్ వేగముగ దిగి పలుచనైనచో ఒక మెట్టు సన్నము చేయవలెను. దిగక చేదైనచో ఒక మెట్టు ముతక చేయవలెను. ఒకసారికి ఒక్క మెట్టే మార్చినపుడు గాని కారణము తెలియదు. విజ్ఞానశాస్త్రమున ప్రయోగ పద్ధతియు నిదియే.

మరను కుంచెతో తుడువవలెను గాని, ఉక్కు చక్రములను నీట కడుగరాదు. బియ్యము, మసాలా దినుసులు అందులో వేయరాదు. గింజలు రాపిడిచే విద్యుదావేశము పొందుటవలన పొడి మర గోడల నంటుకొనుచుండును. గింజలపై ఒక నీటిచుక్క వేసి కలిపినచో అది తగ్గును. అమెరికాలోని ఓరిగన్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు, అగ్నిపర్వతములను పరిశీలించు పండితులతో కూడి, 2023లో ఈ విషయమును కొలిచి చూపిరి.

‘పిండి కొద్దీ రొట్టె’ యన్నారు పెద్దలు. కాఫీకిని అదియే న్యాయము. ధనమును ముందు మంచి గింజపై, తరువాత మరపై, మిగిలినచో పాత్రలపై వెచ్చింపవలెను. గింజ నాసియైనచో వేలు పోసిన యంత్రమును దానిని మార్చలేదు. గింజ మంచిదైనచో, ఇరుసు నిలుకడగల ఒక సామాన్యపు చేతిమరయు, రెండుమూడు నిమిషముల ఓపికయు చాలును. కొండపై పండు నేరిన చేతి శ్రమ చెడక గిన్నెలోనికి దిగును. అటకపై పాతమర యున్నవారు దానిని ఒకసారి దింపి, ఇరుసు పరీక్షించి చూచినను మంచిదే; బాగుండినచో క్రొత్తది కొనవలసిన పనియే లేదు.