మానని మనోగాయము

ఒడలికి గాయమైనచో కంటికి కనిపించును. కట్టు కట్టుదుము, మందు వేయుదుము, మానినదో లేదో విప్పి చూచుకొందుము. మనస్సునకు తగిలిన గాయమును ఇట్లు చూచుటకు వీలులేదు. అది మనుష్యుని నడవడియందే బయటపడును. ఇంటివారు దానిని గుర్తింపజాలక ముక్కోపమనియో, సోమరితనమనియో, మొండితనమనియో పేరు పెట్టుదురు.

1977 నవంబరు 19వ తేదీన కృష్ణాజిల్లా దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలకొలది జనులు మరణించిరి. 2004 డిసెంబరు 26వ తేదీన సునామీ మన తూర్పు తీరమును, అండమాన్ నికోబార్ దీవులను అతలాకుతలము చేసినది. ఇట్టి ఉపద్రవమున తనవారిని పోగొట్టుకొని, తాను మాత్రము బ్రతికి బయటపడిన జాలరి నొకని ఊహింతము. ఏండ్లు గడచినవి. క్రొత్త యిల్లు లేచినది, క్రొత్త వల వచ్చినది. అయినను రాత్రివేళ గాలి హోరెత్తినచో అతడు లేచి కూర్చుండి, తెల్లవారువరకు తలుపువంక చూచుచుండును. పగలు సముద్రపుగట్టు దారి విడిచి, దూరమైనను వేరొక దారిని పోవును. పళ్లెము జారిపడిన చప్పుడునకు ఉలికిపడి బిడ్డపై చేయి చేసికొనును. పెండ్లిపందిరిలో అందరును నవ్వుచుండగా తానొక్కడు రాయివలె కూర్చుండును. నిద్ర పట్టుటకని సారాయి మరగును. పోయినవారి పేరెత్తినచో లేచిపోవును.

ఇవి వేరువేరు దుర్గుణములు కావు. ఒకే గాయమునకు వేరువేరు లక్షణములు. ఆపద వచ్చినపుడు పారిపోవుటకో, ఎదిరించుటకో శరీరము సిద్ధపడుట సహజము. గుండె వేగముగా కొట్టుకొనును, కండరములు బిగియును. ఆపద తొలగినను కొందరిలో ఈ హెచ్చరిక శాంతింపదు. ఒక చప్పుడో, ఒక వాసనయో చాలును. ఆపద మరల వచ్చినట్లే శరీరము వర్తించును. పసిపిల్లలు తమ బాధను మాటలలో చెప్పజాలరు. మానిన పక్క తడుపుట మరల మొదలగును. తల్లి కొంగు విడువరు. చూచిన భయమునే మాటిమాటికి ఆటగా ఆడుదురు. ప్రమాదములు, గృహహింస, బాల్యమున కలిగిన అత్యాచారము సైతము ఇట్టి గాయములనే మిగుల్చును.

దుర్ఘటన జరిగిన తొలివారములలో ఈ కలత అనేకులకు కలుగును. తనవారి యండతో చాలమందికి క్రమముగా తగ్గును. నెల దాటినను తగ్గక, నిద్రకు, పనికి, కాపురమునకు అడ్డువచ్చుచున్నచో వైద్యుని చూడవలెను.

“జరిగినది మరచిపొమ్ము” అని మందలింపరాదు. చెప్పి తీరవలెనని బలవంతపెట్టనురాదు. చెప్పదలచినపుడు అడ్డుతగులక వినవలెను. శిక్షణ పొందిన నిపుణులు సంభాషణ ద్వారా చేయు చికిత్స కలదు. అవసరమైనచో వైద్యుడు మందులిచ్చును. ఏండ్లు గడచిన పిమ్మట మొదలుపెట్టినను గుణము కనిపింపవచ్చును. 2022లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యపై రేయింబవళ్లు ఉచితముగా ఫోను చేసి, తెలుగులోనే మాటాడవచ్చును.

ఆ జాలరి బిడ్డ తండ్రి కోపమునే యెరుగును. దాని వెనుకనున్న భయము నెరుగదు. తండ్రికి చికిత్స జరిగినచో ఆ యింట ఇరువురికిని మేలు కలుగును.